తారుమారైన లోకం గురించి కాసిన్ని కబుర్లు

ఇవాళ ఒక పాత ఇంగ్లండు టీవీ సీరియల్ గురించి చెప్పుకుందాం. అందులో ఆడవాళ్లు రాజ్యం ఏలుతుంటారు. మగవాళ్లేమో గౌన్లు తొడుక్కుని ఇల్లు ఊడ్చుకుంటూ బతుకుతుంటారు. పేరు ‘ద వర్మ్ దట్ టర్న్‌డ్’. తొక్కగా తొక్కగా వానపామైనా తిరగబడుతుందని అక్కడో నానుడి ఉంది, దాని మీద పెట్టిన పేరది. 1980లో బీబీసీలో ‘ద టూ రోనీస్’ అనే హాస్య కార్యక్రమంలో భాగంగా వారం వారం వచ్చేది. రోనీ బార్కర్ భారీ మనిషి, రోనీ కార్బెట్ అయిదడుగులు దాటీ దాటని మనిషి. ఈ జంట 1971 నుంచి 1987 దాకా ఆ కార్యక్రమంతో బ్రిటన్‌ని నవ్వించింది.

సీరియల్లో కథ జరిగే సంవత్సరం 2012. అంటే తీసిన నాటికి ముప్పై రెండేళ్ల తర్వాత రాబోయే ఇంగ్లండు అన్నమాట. పోలీసు దళమంతా ఆడవాళ్లే. వాళ్లకు పై అధికారిణిగా, నల్లదుస్తుల్లో కళ్లెర్రజేస్తూ డయానా డోర్స్ కనిపిస్తుంది. ఒకప్పుడు బ్రిటిష్ సినిమాల్లో అందానికి పేరు మోసిన తార ఆవిడ. ఆ రాజ్యంలో మగవాళ్లకు ఆడపేర్లు, ఆడవాళ్లకు మగపేర్లు. బార్కర్ పేరు జానెట్, కార్బెట్ పేరు బెట్టీ. జాతీయ జెండా యూనియన్ జాక్ కాస్తా యూనియన్ జిల్ అయింది. బిగ్ బెన్ గడియారం బిగ్ బ్రెండా అయింది. ఒకప్పటి చెరసాల లండన్ టవర్‌కేమో బార్బరా కాజిల్ అని పేరు పెట్టారు. ఈ బతుకు భరించలేక జానెట్, బెట్టీ ఇద్దరూ సరిహద్దు దాటి వేల్స్‌కు పారిపోవాలని చూస్తారు. అక్కడ మగవాళ్లు ఇంకా మగవాళ్లుగానే బతుకుతున్నారట.

నవ్వొస్తుందా అంటే తప్పకుండా వస్తుంది. గూఢచారి కథల్లో తూర్పు జర్మనీ నుంచి పారిపోయేవాళ్ల భయమంతా ముఖాన పూసుకుని, పూలగౌన్లలో నడిచే ఆ ఇద్దరి నటన చూస్తే ఎవరికైనా నవ్వు ఆగదు. ఆ నటుల పనితనం మీద నాకు గౌరవం ఉంది. అయితే నవ్వు అయ్యాక కాసేపు ఆగి, ఆ మగవాళ్లకు అక్కడ వచ్చిన కష్టాలేమిటో ఒక్కొక్కటే తీసి చూద్దామని నా కోరిక. మీరూ నాతో రండి.

మొదటి కష్టం: పేరు తమది కాదు, ఎవరో నిర్ణయించారు. పెళ్లయిన మర్నాటి నుంచి ఇంటిపేరు మార్చుకున్న మన అమ్మలకు, అమ్మమ్మలకు ఇది వింతా చెప్పండి? రెండో కష్టం: ఏం కట్టుకోవాలో వేరొకళ్లు చెబుతారు. మూడోది: ఇంటిపనే వాళ్ల పని, దానికి జీతం లేదు. నాలుగోది: పెత్తనం చేసే కుర్చీల దగ్గరికి వాళ్లను రానివ్వరు. ఈ జాబితాలో రచయితలు కొత్తగా ఊహించినది ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ అప్పటికే లోకంలో ఉన్నాయి. ఊహించిందల్లా అవి మగవాళ్ల మీద పడటమే.

అప్పటి బ్రిటన్ ఎలా ఉండేదో కొంచెం చెబుతాను, వినండి. ఆ సీరియల్ వచ్చేనాటికి అక్కడ భార్య సంపాదనను భర్త ఆదాయంలో కలిపి పన్ను లెక్కగట్టేవారు. ఆ పద్ధతి పోయి ఆవిడ ఆదాయం ఆవిడదే అయింది 1990లో. లండన్ పత్రికలవాళ్ల వీధి ఫ్లీట్ స్ట్రీట్‌లో ఎల్ వీనో అని పేరున్న వైన్ బారు ఒకటి ఉండేది. కౌంటర్ దగ్గర నిలబడి తాగే హక్కు అక్కడ మగవాళ్లకే. ఆడవాళ్లు వెనక గదిలో బల్లల దగ్గర కూర్చుంటేనే పోసేవారు. ఒక న్యాయవాది, ఒక పాత్రికేయురాలు కలిసి కోర్టుకెక్కారు. అప్పీలు కోర్టులో వాళ్లు గెలిచింది 1982లో, అంటే సీరియల్ వచ్చిన రెండేళ్లకు. అంతెందుకు, బీబీసీలోనే 1932 నుంచి 1944 దాకా పెళ్లయిన ఆడవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకోకూడదన్న నిబంధన ఉండేది. కొద్దిమందికే మినహాయింపు.

మన దేశం సంగతి వేరని అనుకోకండి. ఒకప్పుడు మన విదేశాంగ సేవలో చేరిన ఆడ అధికారి పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. పెళ్లయ్యాక సంసారం వల్ల పనికి అడ్డం వస్తుందని ప్రభుత్వం అనుకుంటే రాజీనామా చెయ్యమనే వీలుండేది. మగ అధికారులకు ఇలాంటి నిబంధన ఉండేది కాదు. ఆ సేవలో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను గట్టిగా తప్పుబట్టారు. ఇదే షరతు మగ అధికారికి పెట్టి, “నాయనా, పెళ్లి చేసుకుంటావా, ముందు సంతకం తెచ్చుకో” అని టీవీలో చూపించి ఉంటే జనం పడీ పడీ నవ్వి ఉండేవారు. ముత్తమ్మగారి తోటి అధికారిణులకు అది రోజువారీ ఉద్యోగ నిబంధన.

మళ్లీ సీరియల్ దగ్గరికి వద్దాం. లండన్ టవర్‌కు పెట్టిన పేరు చూశారు కదా, బార్బరా కాజిల్. ఆవిడ నిజంగా ఉన్న మనిషి, లేబర్ పార్టీ మంత్రి. 1968లో డాగెన్‌హామ్‌లోని ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో సీట్ల కవర్లు కుట్టే 187 మంది ఆడవాళ్లు సమ్మెకు దిగారు. వాళ్ల పనిని నైపుణ్యం లేని పని కింద లెక్కేసి, మగవాళ్ల కంటే తక్కువ జీతం ఇస్తున్నారని వాళ్ల బాధ. కవర్లు లేకపోతే సీట్లు లేవు, సీట్లు లేకపోతే కార్లు లేవు, ఫ్యాక్టరీ ఆగింది. మూడు వారాలకు ఉపాధి మంత్రిగా కాజిల్ కల్పించుకుని రాజీ కుదిర్చింది. దాంతో వాళ్ల జీతం మగవాళ్ల జీతంలో 92 శాతానికి చేరింది. ఆ తర్వాత 1970లో సమాన వేతన చట్టాన్ని పార్లమెంటులో నెగ్గించింది కూడా ఆవిడే. ఆ కుట్టుపనివాళ్లకు నైపుణ్యం గల కార్మికుల హోదా వచ్చింది మాత్రం 1984లో, మరో సమ్మె తర్వాత. పదహారేళ్లు పట్టిందండీ! సీరియల్లో ఆవిడ పేరు ఒక చెరసాలకు పెట్టడానికీ, బయట ఆవిడ సాధించిన దానికీ ఎంత దూరమో చూడండి. సమాన జీతం అడిగినవాళ్లు రేపు మనల్ని జైల్లో పెడతారన్న భయం ఆ పేరులో ఉంది. ఆ ఆడవాళ్లు అడిగింది కవరు కుట్టినందుకు న్యాయమైన కూలి.

ఇంకొక్క సంగతి గమనించండి. సీరియల్లో సర్వాధికారాలూ చేతిలో ఉన్న ఆ ఆడపోలీసులకు వేసిన దుస్తులు పొట్టి నిక్కర్లు, పొడుగు బూట్లు. రాజ్యం చేతికొచ్చిన ఆడవాళ్లు తమకు తాముగా ఆ యూనిఫాం ఎంచుకుంటారా? లోకం తలకిందులైందని చెబుతూనే, చూసే కళ్లు మాత్రం పాతవే అన్నమాట. తారుమారు కథ ఎంత లోతుకు వెళ్లిందో తెలుసుకోవాలంటే నేను ఇలాంటి చోటే చూస్తాను.

అసలు ఆడవాళ్ల పెత్తనం వస్తుందన్న ఆ భయం ఎక్కణ్నుంచి వచ్చిందంటే, కాలం అలాంటిది. 1975లో లింగవివక్ష నిషేధ చట్టం వచ్చింది. 1979 మే నెలలో మార్గరెట్ థాచర్ ప్రధాని అయింది. సింహాసనం మీద ఎలిజబెత్ రాణి ఉండనే ఉంది. ఇద్దరాడవాళ్లు పైన కూర్చున్నారు కాబట్టి ఇక మన గతి ఇంతే అన్న గుబులు హాస్యంగా బయటపడింది. గుబులును నవ్వుగా మార్చుకోవడం తప్పు కాదు. కానీ ఆడవాళ్లకు అధికారం వస్తే ఏమవుతుందో ఆ రోజుల్లోనే పక్కనున్న ఒక చిన్న దేశం నిజంగా చూపించింది. అదీ చెబుతాను.

ఐస్‌లాండ్‌లో 1975 అక్టోబరు 24న ఆడవాళ్లు ఒకరోజు పని మానేశారు. ఆఫీసు పనే కాదు, వంట, పిల్లల ఆలనాపాలనా అన్నీ. దేశంలో దాదాపు 90 శాతం ఆడవాళ్లు అందులో కలిశారు. బడులు, దుకాణాలు, చేపల ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడ్డాయి. తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్లారు. రేడియోలో వార్తలు చదువుతుంటే వెనక నుంచి పిల్లల ఆటల చప్పుడు వినబడిందట. తేలిగ్గా వండుకోవచ్చని మగవాళ్లంతా ఎగబడటంతో సాసేజీలు అంగళ్లలో అయిపోయాయట. మరుసటి ఏడాదే సమాన హక్కుల చట్టం వచ్చింది. ఇక 1980లో, మన సీరియల్ వచ్చిన ఏడాదే, విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్ అక్కడ అధ్యక్షురాలిగా గెలిచింది. జనం ఓట్లతో దేశాధ్యక్ష పదవికి వచ్చిన తొలి మహిళ ప్రపంచం మొత్తం మీద ఆవిడే. విడాకులు తీసుకుని, దత్తపుత్రికను ఒంటరిగా పెంచుకుంటున్న తల్లి. పదహారేళ్లు ఆ పదవిలో ఉంది. ఐస్‌లాండ్ మగవాళ్లెవరూ గౌన్లు తొడుక్కోలేదు, సరిహద్దులు దాటి పారిపోలేదు.

ఆడవాళ్లు రాసిన తారుమారు కథ ఎలా ఉంటుందో మీకు తెలియాలి. అది మన పక్కనే అచ్చయింది. 1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో రుకయ్యా సఖావత్ హుస్సేన్ అనే బెంగాలీ యువతి ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ రాసింది. అప్పటికి ఆవిడకు పాతికేళ్లు. పరదాలో పెరిగి, అన్నగారి సాయంతో రాత్రిళ్లు రహస్యంగా చదువు నేర్చుకున్న మనిషి. ఆవిడ కథలో ఆడవాళ్లు సూర్యుడి వేడిని పట్టి వంట చేస్తారు, ఆకాశంలో ఎగిరే బళ్లలో తిరుగుతారు. మగవాళ్లు, ఆడవాళ్లను ఉంచే జనానా లాంటి మర్దానాలో లోపలే ఉంటారు. ఎందుకలా అని అడిగితే ఆ దేశపు ఆడమనిషి చెప్పే తర్కం చాలా సూటిగా ఉంటుంది. అల్లరి చేసేవాళ్లను లోపల పెట్టాలి గానీ, అల్లరికి గురయ్యేవాళ్లను లోపల పెట్టి తాళం వేయడమేమిటి అని.

రుకయ్యా అక్కడితో ఆగదు. ఆ రాజ్యం ఎలా వచ్చిందో కూడా చెబుతుంది. రాణి ఆడపిల్లలకు బడులు పెట్టించింది, ఇరవై ఒక్క ఏళ్ల లోపు పెళ్లి కూడదని శాసించింది, ఆడవాళ్లకు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. యుద్ధంలో మగవాళ్లు ఓడిపోయినప్పుడు దేశాన్ని కాపాడింది ఆ చదువే. కథ రాసి ఊరుకోకుండా 1911లో కలకత్తాలో ఎనిమిది మంది ఆడపిల్లలతో సొంతంగా బడి తెరిచింది. నాకు ఆవిడ మీద ఉన్న ప్రేమకు అదీ కారణం.

మన తెలుగువాళ్లకూ ఈ రుచి కొత్త కాదు. అశ్వమేధ గుర్రం వెంట వెళ్లిన అర్జునుణ్ని స్త్రీ రాజ్యంలో ప్రమీల అడ్డుకున్న కథ మనకు ఎప్పటి నుంచో ఉంది. 1965లో ఎన్టీఆర్, బి. సరోజాదేవిలతో ‘ప్రమీలార్జునీయం’ వచ్చింది. ఇక ‘జంబలకిడి పంబ’ గురించి మీకు నేను చెప్పాలా? ఇ.వి.వి. సత్యనారాయణ తీసిన ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవాళ్లం. విశాఖపట్నం నీళ్లలో ఆడామగా తీరును తారుమారు చేసే మందు కలుస్తుంది, నరేశ్ సిగ్గుపడతాడు, ఆమని పెత్తనం చేస్తుంది. రోడ్డు మీద అబ్బాయిల్ని ఏడిపించే అమ్మాయిల్ని చూసి మగపిల్లలు పగలబడి నవ్వుతారు. వాళ్లతో కలిసి నవ్వే ఆడపిల్లలకు మాత్రం అందులో ఒక్క ముక్క కూడా కల్పనగా అనిపించదు. నిన్న సాయంత్రం బస్‌స్టాపులో జరిగిందే అది.

ఇంగ్లండు సీరియల్ ఊహించిన 2012 వచ్చి వెళ్లిపోయింది. ఆ ఏడాది లండన్‌లోనే ఒలింపిక్స్ జరిగాయి. ఆడవాళ్ల బాక్సింగ్‌ను మొదటిసారి చేర్చింది అప్పుడే. మేరీ కోమ్ అందులో కాంస్యం తెచ్చింది, హైదరాబాద్‌లో ఆట నేర్చిన మన సైనా నెహ్వాల్ బ్యాడ్మింటన్‌లో కాంస్యం తెచ్చింది. అదే ఏడాది బిగ్ బెన్ గంట ఉన్న గోపురానికి రాణి గౌరవార్థం ఎలిజబెత్ టవర్ అని పేరు మార్చారు. గోపురం పేరు ఆడపేరైంది, లండన్ ఎప్పటిలాగే టీ తాగింది.

మారనిది ఇంటి లోపలి లెక్క. 2019లో మన కేంద్ర గణాంక శాఖ జనం రోజంతా సమయం ఎలా గడుపుతారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. అదీ ఆ పని అసలంటూ చేసే మగవాళ్ల లెక్క. అలా చేసేవాళ్లు మగవాళ్లలో నూటికి 26 మందే, ఆడవాళ్లలో 81 మంది.

అందుకే మన టీవీవాళ్లకు నాదొక విన్నపం. ఈసారి తారుమారు సీరియల్ తీస్తే చీరలూ గాజులూ పక్కన పెట్టండి. ఈ నిమిషాలను తారుమారు చెయ్యండి. ఉదయం అయిదింటికి లేచి, పొయ్యి వెలిగించి, పిల్లల డబ్బాలు కట్టి, ఉద్యోగానికి వెళ్లొచ్చి, రాత్రి గిన్నెలు కడిగేదాకా నడుం వాల్చని మగవాణ్ని, ప్యాంటూ చొక్కాతోనే, ఉన్నదున్నట్టు చూపించండి. సోఫాలో కూర్చున్న భార్య చేత “రోజంతా ఇంట్లో ఏం చేశావు?” అనిపించండి. ఆ మాటకు నవ్వేవాళ్లు నవ్వుతారు, ఉలిక్కిపడేవాళ్లు ఉలిక్కిపడతారు. ఉలిక్కిపడ్డవాళ్లలో కొందరైనా టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్తే, నాకు అంతకన్నా కావలసింది లేదు.