దాదా కర్ర, బేటీ టెస్టు

మా అబ్బాజాన్ గోదావరిఖనిలో మైనింగ్ సర్దార్. బాయి దిగినంక, కార్మికులను పనిలోకి పంపే ముందు కర్రతో పైకప్పును తట్టి చూసేవారు. గట్టిగా మోగితే ఖైరియత్. డొల్లగా మోగితే ఆ జాగాకు ఎవరినీ పోనిచ్చేవారు కాదు. "నిన్న మంచిగనే ఉండె కదా సర్దార్!" అని ఎవరన్నా అంటే "నిన్నటిది నిన్ననే అయిపాయె" అనేవారట.

పోయిన రంజాన్‌లో ఒక రాత్రి ఇది యాదికొచ్చింది. ఇంజినీరింగ్ చదువుతున్న మా బేటీ పెద్దపల్లి ఇంట్లో కూర్చుని గో భాషలో చిన్న ప్రోగ్రాం రాస్తోంది. ఫారం గడిలో పట్టేలా పేర్లను ఇరవై దగ్గర కత్తిరించడం దాని పని. గో కంపైల్ అయ్యే భాష. వాడని వేరియబుల్ ఒక్కటి మిగిలినా ముందుకు కదలదు. "ఇంత సఖ్తీ ఉంటే ఇంకా టెస్టులెందుకు?" అన్నా. "కంపైలర్ గ్రామరే చూస్తది అబ్బా, మతలబు చూడదు" అంది. వ్యాకరణం తప్పు లేని వాక్యంలో అబద్ధం ఉండొచ్చని పేపర్లో పనిచేసే నాకు వేరే చెప్పాలా!

టెస్టులు పక్కనే వేరే ఫైల్లో రాసింది. ఏమిస్తే ఏం రావాలో ఒక పట్టీ. అందులో ఇంగ్లిష్ అక్షరాల రామగుండం ఉంది. పది అక్షరాలు, పది బైట్లు. అన్నీ పాస్.

"తెలుగులో గోదావరిఖని ఇచ్చి చూడు బేటా" అన్నా. ఫెయిల్. "గోదావర" దగ్గర తెగి, పక్కన ఒక ప్రశ్నార్థకం ముక్క. యూటీఎఫ్-8లో గుణింతపు గుర్తుతో సహా ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. ఉర్దూ హర్ఫ్‌కు రెండు. గోదావరిఖనిలో పది గుర్తులు, ముప్పై బైట్లు. తను బైట్లు లెక్కపెట్టింది. తమాషా ఏంటంటే 1992లో యూటీఎఫ్-8ను రూపొందించిన కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌లే తర్వాత గో భాషను తయారుచేసిన ముగ్గురిలో ఇద్దరు!

నాకు నవ్వు రాలేదు. అబ్బాజాన్ ఇంతెఖాల్ తర్వాత ఒక దఫ్తరు ఇచ్చిన కాగితంలో ఆయన పేరు ఇట్లనే సగానికి తెగి ఉండె. ఏ దఫ్తరో చెప్పను. ఆ సగం పేరు ఆయనదేనని రుజువు చేయడానికి అమ్మీజాన్‌ను వెంటబెట్టుకుని నెలల తరబడి తిరిగాను. ఎవరూ జుల్మ్ చేయలేదు. ఎవరూ తట్టి చూడలేదు, అంతే.

కథ చెప్పినంక బేటీ కాసేపు మాట్లాడలేదు. బైట్లు వదిలి గుర్తులు లెక్కపెట్టేలా మార్చింది. గోదావరిఖని పాస్. అప్పుడు తనే ఇంకో వరస చేర్చింది: పెద్దపల్లి, నాలుగు దగ్గర కత్తిరించు. కంటికి నాలుగే అక్షరాలు కాబట్టి మొత్తం రావాలి. "పెద్" అని వచ్చింది, పొల్లు వేలాడుతూ.

సహరీకి లేవాలి, పడుకోమన్నా. ఆ వరస తీసేస్తుందేమో అనుకున్నా.

"ఫెయిల్ గానే ఉండనీ అబ్బా. ఫజర్ తర్వాత చూస్తా" అని మూత వేసింది.