ముసవ్విర్ జంగ్, మా దాదీ

ముసవ్విర్ అంటే తస్వీర్ తీసేవాడు. ఆ పేరుతో ‘ముసవ్విర్ జంగ్’ అని ఖితాబు ఇచ్చిన బాద్‌షా మన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. అందుకున్నాయన రాజా దీన్ దయాళ్. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, మన దర్బారుకు ఫొటోగ్రాఫర్ అయ్యాడు. కెమెరా పట్టుకున్న మనిషికి జంగ్ ఖితాబు! ఆయన తీసిన గాజు ప్లేట్లు 2,857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

నాకు వాటికన్నా ఆయన 1892లో హైదరాబాద్‌లో తెరిచిన జనానా స్టూడియో అంటే ఇష్టం. చుట్టూ ఎత్తు గోడలు. కెమెరా వెనక మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీష్ ఆవిడ. పర్దాలో ఉన్న బేగమ్‌లు పర్దా చెడకుండానే తస్వీర్ దిగారు. పర్దాకీ కెమెరాకీ దుష్మనీ అనేవాళ్లకు ఈ సంగతి చెప్తుంటాను. కాకపోతే ఆ ఇంతెజామ్ అమీరులకే. బెజవాడ రైలు మార్గం 1889లోనే వేశారు, మధిర దాని మీదే ఉంది. జనానా స్టూడియో మాత్రం మా దాకా రాలేదు.

దాదా తస్వీర్ ఉంది. నల్ల షేర్వానీ, రూమీ టోపీ, చేయి కుర్చీ మీద. (పాతకాలంలో సెకన్ల పాటు కదలకుండా నిలబడాలి కదా, ఆ కుర్చీ అప్పటి నుంచీ వస్తున్న రివాజు.) వెనక పరదా మీద గీసిన మెట్లు, పూలకుండీలు. చూసినోళ్లు జాగీర్దార్ అనుకుంటారు. దాదా దర్జీ. లుంగీ, బనీనుతో జిందగీ అంతా మిషన్ తొక్కాడు. ఆ షేర్వానీ స్టూడియోలో కొక్కేనికి వేలాడేది, ఎవరొస్తే వాళ్లు తొడుక్కునేది. ఊళ్లో సగం ముసల్మాన్ ఇళ్లల్లో అదే షేర్వానీ ఉంటుందని నా షక్.

దాదీకి ఉన్నది ఓటరు కార్డు ఫొటో ఒక్కటే. దాన్ని పెద్దది చేయించి దాదా పక్కన పెడదామని చాచా అన్నాడు. స్టూడియో పిల్లగాడు కంప్యూటర్‌లో చూసి, “సార్, మొహం సాఫ్ చేస్తా. జరీ చీర వేసెయ్యనా? వెనక తాజ్‌మహల్ పెట్టనా?” అన్నాడు. వద్దన్నాను. కొక్కేనికున్న షేర్వానీ మళ్లీ గుర్తొచ్చింది.

ఫుఫూ అసలు ఒప్పుకోలేదు. “అమ్మా జిందగీ భర్ గైర్ మర్ద్‌కు మొహం చూపియ్యలేదు బేటా. ఆ కార్డు కోసం నఖాబ్ ఒక్క నిమిషం ఎత్తినందుకే మూడ్రోజులు అన్నం సరిగా తినలేదు. ఇప్పుడు వచ్చేపోయేవాళ్లంతా చూసేటట్టు గోడకెక్కిస్తారా?”

“మరి నా పిల్లలకు దాదీ మొహం ఎట్లా తెలుస్తది ఫుఫూ?”

జవాబు చెప్పలేదు. కార్డు అడిగి తీసుకుంది, పాన్‌దాన్ కింది అరలో పెట్టుకుంది. చూడాలనిపిస్తే ఇప్పుడు ఆమె ఇంటికే పోవాలి.