కీలు దాటే వైరు

ఆష్‌కాష్, విస్కాన్సిన్
జులై ఆఖరి వారం

తమ్ముడూ,

షికాగో నుంచి కారులో మూడు గంటలు ఉత్తరానికొస్తే ఈ ఊరు. సొంత చేతులతో విమానాలు కట్టుకునేవాళ్ల జాతర ఏటా ఇక్కడి విట్‌మన్ విమానాశ్రయంలో జరుగుతుంది. పాల్ పోబెరెజ్నీ 1953లో మొదలుపెట్టిన సంఘం దీన్ని 1970 నుంచీ ఇక్కడే నడుపుతోంది. గడ్డి మీద వరసగా విమానాలు, రెక్కల పక్కనే గుడారాలు. చాలా విమానాల మీద 'ఎక్స్‌పెరిమెంటల్' అని పెద్దక్షరాలతో రాసి ఉంది. పనిలో సగానికి పైగా ఔత్సాహికులే చేసి ఉంటేనే సొంత కట్టుబడి విమానంగా ఒప్పుకుంటారట. ఎవర్ని కదిపినా రేకు విప్పి మరీ లోపల చూపిస్తున్నారు.

మీ అన్నయ్య

అరోరా, ఆరెగాన్
ఆగస్టు మొదటి వారం

తమ్ముడూ,

పోర్ట్‌లాండ్‌కు దక్షిణాన ఉన్న చిన్న ఊరిది. ఆర్‌వీ విమానాల కిట్లు చేసే వ్యాన్స్ కంపెనీ ఇక్కడే ఉంది. రిటైరైన ఒక పెద్దాయన తన షెడ్డులో ఆర్‌వీ-7 కడుతున్నారు. నీ కార్ల వైరింగుకు పనికొచ్చే సంగతి ఆయన దగ్గర దొరికింది.

తోక దగ్గర పైకీ కిందికీ ఆడే పలకను ఎలివేటర్ అంటారు. ఎడమ ఎలివేటర్ లోపల, పైలట్ చేతికి భారం తగ్గించే ట్రిమ్ మోటారు ఉంటుంది. దాన్నుంచి ఐదు సన్నని వైర్లు వస్తాయి: రెండు మోటారువి, మూడు ట్రిమ్ ఎంత తిరిగిందో చూపేవి. కదలని తోక నుంచి కదిలే పలకలోకి ఆ ఐదూ దాటాలి. కారు డిక్కీ తలుపు దగ్గర వైర్లు తెగుతాయని నువ్వంటుంటావే, అదే చిక్కు.

ఆయన వైర్లను కీలు ఇరుసుకు వీలైనంత దగ్గరగా, దాని వెంటే కొంత దూరం పోనిచ్చారు. దూరంగా దాటిస్తే పలక ఆడినప్పుడల్లా వైరు సాగి, ఒకేచోట మడత పడుతుంది. ఇరుసు వెంట పోతే కొద్దిగా మెలి పడుతుంది, ఆ మెలిని పొడవంతా పంచుకుంటుంది. ఒంటి తీగ పనికిరాదు. సన్నని పోగులకు టెఫ్‌జెల్ తొడుగున్న వైరే వాడారు. రేకు కన్నాలకు రబ్బరు గ్రోమెట్లు, రెండు పక్కలా గట్టి బిగింపు, మధ్యలో కొద్దిపాటి వదులు.

తర్వాత టార్చి నా చేతికిచ్చి, ఎలివేటర్‌ను పైకీ కిందికీ చివరంటా ఆడించారు. వదులు ఎక్కువై వైరు ఎక్కడైనా చిక్కితే పలకే బిగుసుకుపోతుంది. ట్రిమ్ పనిచేయకపోతే చేతి బలంతో దిగవచ్చు; ఎలివేటర్ బిగుసుకుపోతే ప్రాణాల మీదికొస్తుంది. ఇరుసు వెనక బరువు పెరిగినా ముప్పే: తూకం తప్పిన పలక వేగంలో అదిరి విరిగిపోగలదు. అందుకే మోటారు, వైర్లు, రంగు అన్నీ పడ్డాకే తూకం చూస్తారు.

నీ దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఇది చెప్పు. లైటు వెలిగిందని పని ముగించవద్దు. కదిలే చోట వైరు వేస్తే, ఆ కదలికను చివరిదాకా ఆడించి, కళ్లారా చూశాకే మూత బిగించమను. అమ్మకు నమస్కారాలు.

మీ అన్నయ్య