రెండు పట్టాల నడుమ

గుంతకల్లులో పుట్టి పెరిగిన మాకు రైలుకూత లేని ప్రొద్దు తెలియదు. మా యూరికి నది లేదు, కోట లేదు, ఉన్నదెల్ల రైలుయార్డే.

చెన్నపట్టణమునుండి వచ్చిన బ్రాడుగేజి మార్గము 1871వ సంవత్సరమున రాయచూరు కడ బొంబాయి మార్గముతో కలిసెను. కొలది యేండ్లకే, 1876-78లో, ధాత కఱవు వచ్చెను. రైలున్న చోటికి ధాన్యము చేరెను; దూరపు పల్లెలకు మోయుటకు ఎద్దులు సైతము మిగులలేదు. ఆ యనుభవమువలన కఱవుసీమలకు రైలు వేయవలయునను తలంపు బలపడి, 1880 దశకమున నంద్యాల, గుంటూరుల మీదుగా కృష్ణాతీరమువైపు మఱియొక మార్గము సాగెను. అది వ్యయము తక్కువగు మీటరుగేజి.

చిక్కంతయు నిచ్చటనే. ఒకదాని వెడల్పు 1676 మిల్లీమీటర్లు, రెండవదానిది 1000. ఒకదానిపై నడచు పెట్టె రెండవదానిపై నడవదు. కావున కృష్ణాతీరపు బియ్యమైనను, మా సీమ వేరుసెనగయైనను గుంతకల్లులో దించి, వేఱొక పెట్టె కెక్కింపవలసినదే. ఇటు పెద్దపెట్టె, అటు చిన్నపెట్టె, నడుమ కట్ట. ఆ కట్టమీద మా తాతగారు ముప్పది యేండ్లు బస్తాలు మోసిరి. వారి కుడిభుజము ఎడమదానికంటె క్రిందికి జారియుండెడిది. రాలిన గింజలను మా అవ్వ చీపురుతో ఊడ్చి చేటలో చెరిగెడిదట. రైళ్ల చరిత్రలలో గవర్నరుల పేళ్లు, ఇంజనీర్ల పేళ్లు చదివితిమి గాని, హమాలీల లెక్కయైనను మాకు కనబడలేదు.

1990 దశకమున మీటరుగేజిని తీసి బ్రాడుగేజి వేసిరి. ఊరంతయు సంతసించెను, మేమును సంతసించితిమి. ఆ కట్టమీదనే కూలిచేయుచుండిన మా చిన్నాన్న మాత్రము పనిలేక బేతంచెర్ల రాతిపనికి పోయెను. తాతగారు నాలుగుదినములు ఎవరితోను మాటలాడలేదు. పిదప, "ఆ మూటలు యాడికి పోతాండెనో ఒక్కతూరి సూడాల నాయనా" అనిరి.

మేము వారిని నంద్యాలకు తీసికొనిపోతిమి. నడుమ నొక స్టేషనులో మా బండి ప్రక్కన గూడ్సు నిలిచియుండెను. తాతగారు కిటికీనుండి దాని తలుపునకు వేసిన సీలును చాలసేపు చూచిరి.

"దీన్ని యాడా ఇప్పరా?"

"గుంటూరుదాకా విప్పరు తాతా" అంటిమి.

వారు కుడిభుజమును ఎడమచేత్తో తడవుకొని, వక్కాకు సంచి యిమ్మనిరి.