అరచేత్తో వినే మెకానిక్ అన్న

గుంటూరులో మా వీధి చివర బైకులు బాగుచేసే అన్నకు పుట్టినప్పటి నుంచీ వినపడదు. చాలామంది మెకానిక్‌లు ఇంజిన్ శబ్దం విని జబ్బు చెబుతారు. ఈయన ఇంజిన్ పక్కన అరచెయ్యి ఆనిస్తాడు. ట్యాపెట్లు వదులైనా, టైమింగ్ చైన్ సాగినా ఆ అదురులోనే పట్టేస్తాడు. తర్వాత ప్లగ్ విప్పుతాడు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ వెళ్తున్నట్టు, తెల్లబడితే తక్కువ వెళ్తున్నట్టు. ఇటుక రంగులో ఉంటే బొటనవేలెత్తి నవ్వుతాడు. ఆ నవ్వు నాకెంతో ఇష్టం.

ఆదివారమే గిరాకీ ఎక్కువ. అయినా ఆ రోజు షట్టర్ తీయడు, కుటుంబంతో చర్చికి వెళ్తాడు. పాస్టరుగారి ప్రసంగాన్ని పెద్దమ్మాయి సైగల్లో చెబుతుంటే రెప్పవేయకుండా చూస్తాడు. ఆ పిల్ల కాలేజీ ఫీజు, వాళ్ల నాయనమ్మ మందులు, అన్నీ ఆ గ్రీజు చేతుల కష్టమే. అలాంటి మనిషిని చూసి ‘పాపం’ అనకండి.

భారతీయ సంజ్ఞా భాష కోసం 2015లో ఢిల్లీలో జాతీయ సంస్థ ఏర్పడింది. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. మన గుళ్లలో, చర్చిల్లో, మసీదుల్లో మాత్రం ఆ భాష తెలిసినవాళ్లు అరుదు. ఆ బాధ్యతంతా కూతుళ్ల మీదే వదిలేయొద్దు. మీ ప్రార్థనా మందిరంలో ఒక్కరైనా నేర్చుకోండి.