వంకరపోయిన ముగ్గు

నా పొరపాటొకటి మీకు విన్నవించుకొందును.

ప్రతిదినమును తులసికోట ముందు ముగ్గు పెట్టుట మా యత్తగారి నియమము. 2004వ సంవత్సరపు ధనుర్మాసమున ఆమె గీతలు వంకరలు పోవసాగెను. “ఇక నేను వేస్తాను లెండి, అత్తయ్యా” అని ముగ్గుగిన్నె నందుకొంటిని. ఆమె శ్రమ తగ్గించితి ననుకొంటిని. ఆమె మారుపలుకలేదు.

రెండు నెలలు గడచినవి. ఒకనాడు కుడికన్ను చేతితో మూసికొని, “అమ్మాయీ, మన గుమ్మం వంగిందా?” అని యడిగెను. వెంటనే వైద్యునికడకు గొనిపోయితిమి. ఎడమకంటి వెనుక, రెటీనా యను తెర నడుమ, దాని క్రింద క్రొత్త రక్తనాళములు పుట్టి స్రవించుచున్నవట. రెండవకన్ను బాగుండుటచే లోపము బయటపడలేదు.

చికిత్స విచిత్రమైనది. వెర్టిపోర్ఫిన్ అను మందును చేతి రక్తనాళములోనికి 10 నిమిషములు ఎక్కించిరి. ఎక్కింప నారంభించిన 15 నిమిషములకు, వ్యాధియున్న చోట 83 సెకనులు ఎఱ్ఱని లేజరు కాంతిని ప్రసరింపజేసిరి. ఈ కాంతి కాల్చదు, మందును మేల్కొలుపును. మేల్కొన్న మందు ఆ చెడునాళములను మూసివేయును.

మందు చర్మమునందును కొంత నిలుచును గావున, ఐదు దినములు ఎండ సోకరాదనిరి. నిత్యము సూర్యునకు నమస్కరించు నామె గుమ్మము దాటలేదు. చీకటిలో మాత్రము కూర్చుండవలదనిరి; ఇంటిలోని సామాన్యపు వెలుతురు చర్మమందలి మందును క్రమముగా నిర్వీర్యము చేయునట.

ఉన్న చూపు నిలిచినది, పోయినది రాలేదు. “ముందే యేల చెప్పలేదు?” అని యడిగితిని. “గిన్నె నువ్వే తీసుకున్నావు. ఇక నా చూపుతో పనేమిటనుకున్నాను” అనెను. నేను తల వంచుకొంటిని.

2006 తరువాత కంటిలోనికిచ్చు సూదిమందులే ఈ వ్యాధికి ముఖ్యచికిత్స యైనవి. కంటివెనుక కలుగు మరికొన్ని వ్యాధులకు కాంతిచికిత్స నేటికిని వాడుకలో నున్నది. ఏ చికిత్సకైనను ఆలస్యమే శత్రువు.

కావున, సోదరీమణులారా, మీ యింటి పెద్దలచే అప్పుడప్పుడు ఒక్కొక్క కన్ను మూయించి, గుమ్మమునో గళ్లకాగితమునో చూపుడు. తిన్నని గీత వంగినట్లు తోచినచో ఆ వారమే వైద్యునికడకు గొనిపొండు. వారి చేతిపనిని మీరందుకొనుటకు ముందు, అదేల తప్పుచున్నదో యొక్కమాట యడుగుడు. నేనడుగలేదు.