ఇరవయ్యొక్క అడుగుల గూడుబండి

ప్రతి మనిషి మనసులోనూ ఎప్పటికైనా కొనాలనుకునే బండి ఒకటి ఉంటుందని నా నమ్మకం. నా మటుకు అది ఫోక్స్‌వాగన్ వారి పాతకాలపు క్యాంపర్ వ్యాను. ఆ వ్యాను 1950లో వచ్చింది. మరుసటి ఏడే వెస్ట్‌ఫాలియా అనే జర్మన్ సంస్థ దానిలో పడకా, అరలూ అమర్చడం మొదలుపెట్టి, బండిని ఇల్లుగా మార్చింది. చిన్నప్పుడు ఏదో పాత క్యాలెండరులో దాని బొమ్మ చూశాను. పైకప్పు ఒకవైపు లేచి ఉంది, పక్కన ఒక మడత కుర్చీ, ఎదురుగా సరస్సు. కుర్చీలో ఎవరూ లేరు. అది నా కోసమే ఖాళీగా ఉన్నదని ముప్పై ఏళ్ళు అనుకుంటూ వచ్చాను.

శాక్రమెంటోలో ఇంటి అప్పు తీరాక కొనే ధైర్యం వచ్చింది. తీరా కొనబోతే తెలిసింది, ఇక్కడ ఈ బండ్లకు కూడా బడిలో లాగా తరగతులున్నాయని. ‘ఎ’ తరగతిది బస్సంత ఉంటుంది. ‘సి’ తరగతిది ట్రక్కు చట్రం మీద కట్టిన ఇల్లు. డ్రైవరు నెత్తిమీద అటకలాంటి పడక ఉంటుంది. మధ్యలో ఉండవలసిన ‘బి’ అన్నిటికన్నా చిన్నది, అదే క్యాంపర్ వ్యాను. పెద్దది కొంటే సుఖమే. కానీ ఊళ్ళో నిలపడానికి చోటు దొరకదు. మా ఆవిడ ఎప్పటినుంచో చూడాలంటున్న మోంటానాలోని గ్లేషియర్ పార్కులో, కొండ మీది రోడ్డు ఎగువ భాగానికి 21 అడుగులకన్నా పొడవైన బండిని రానివ్వరు. కనుక ‘బి’ తరగతి అనుకున్నాం. అందులోనూ పైకప్పు లేచే నా క్యాలెండరు బండే అని నేను లోలోపల ఖాయం చేసుకున్నాను.

ఇక్కడ నాన్నగారి సంగతి చెప్పాలి. అమ్మ పోయాక రెండేళ్ళుగా ఆయన మా దగ్గరే ఉంటున్నారు. ఎక్కడికి బయలుదేరినా, “నాకెందుకర్రా, మీరు వెళ్ళి రండి, నేను ఇల్లు కనిపెట్టుకుని ఉంటాను” అంటారు. ఓపిక లేదనుకున్నాం. ఆసక్తి లేదేమోనని కూడా అనుకున్నాం.

కొనేముందు రెండు రోజులు అద్దెకు తీసుకుని చూడమని తెలిసినవాళ్ళు చెప్పారు. నేను కోరుకున్న బండే దొరికింది. బతిమాలి నాన్నగారిని కూడా టాహో సరస్సుకు తీసుకువెళ్ళాం. మేమిద్దరం పైన, ఆయన కింద పడుకున్నాం. అర్ధరాత్రి మెలకువ వచ్చి కిందికి చూస్తే పడక ఖాళీ! గాభరాగా దిగాను. ఎలుగుబంట్లు తిరుగుతాయి జాగ్రత్త అని బోర్డు పెట్టిన ఆ చీకటిలో, చిన్న టార్చి పట్టుకుని, చెట్ల మధ్య నుంచి మెల్లగా నడిచి వస్తున్నారు. మరుగుదొడ్డి వంద గజాల దూరం. “మూడోసారిరా. నిన్ను లేపడమెందుకని...” అన్నారు.

మర్నాడు ఆయన ముందున్న కాఫీ గ్లాసును చూపించి మా ఆవిడ నెమ్మదిగా అంది: “మామయ్యగారు ప్రయాణమంటే ముందు రోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేస్తారు. మీరు గమనించలేదా?”

నేను గమనించలేదు. ప్రోస్టేట్‌కు మాత్రలు నేనే తెచ్చి ఇస్తున్నాను. కానీ ఫ్రీవే మీద డెబ్బై మైళ్ళ వేగంతో పోతున్న కొడుకును గంటకోసారి బండి ఆపమని అడగలేకనే ఆయన ఇంటికి కాపలాదారు అయ్యారన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ తరువాత మా జాబితా తలకిందులైంది. లోపలే మరుగుదొడ్డి ఉండాలన్నది మొదటి షరతు. నేల ఎత్తు రెండవది. ర్యామ్ ప్రోమాస్టర్ ముందు చక్రాలతో నడుస్తుంది. వెనుక చక్రాలకు పోయే షాఫ్టు ఉండదు కనుక దాని నేల బాగా కిందికి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు సులువుగా ఎక్కగలరు. ముగ్గురు పడుకోవచ్చునన్నంత మాత్రాన ముగ్గురు ప్రయాణం చేయవచ్చునని కాదు, బెల్టులున్న సీట్లు విడిగా లెక్కపెట్టుకోవాలి. బరువు కూడా చూసుకోవాలి. డెబ్బై అయిదు లీటర్ల నీళ్ళ ట్యాంకు నింపితే ఇంకో మనిషిని ఎక్కించుకున్నట్టే. కొత్త బండ్ల ధర లక్ష డాలర్లు దాటుతోంది; మేము అయిదేళ్ళు తిరిగినదాన్ని కొన్నాం. దాని పొడవు 21 అడుగులకు ఒక అంగుళం తక్కువ. పైకప్పు లేవదు. చూపులకు తెల్లటి సరుకుల బండిలా ఉంటుంది.

మొదటి ప్రయాణం ఉత్తరాన మౌంట్ శాస్తా వైపు. నాన్నగారు ముందు సీట్లో కూర్చున్నారు. చిన్నతనంలో శివరాత్రికి గూడుబండిలో కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళేవారట. గడ్డి పరిచి, పైన దుప్పటి వేసి, రాత్రంతా ప్రయాణమట. “ఎవరు ఆపమంటే వాళ్ళ కోసం ఆగేది బండి” అన్నారు. అలా చెబుతూ చెబుతూనే సీసాలో నీళ్ళు సగం తాగేశారు. నేను రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. గంట తరువాత, “కాస్త ఆపరా” అన్నారు, ఎద్దులబండివాడితో అన్నట్టే.

మరుగుదొడ్డి కింద చక్రాలున్న పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని బయటికి లాగి, అందుకని కేటాయించిన చోట ఖాళీ చేసి కడుక్కోవాలి. ఆ సాయంత్రం నేను దాన్ని లాగుతుంటే నాన్నగారు మొహమాటపడ్డారు. “ఇంజనీరింగు చదివించింది ఇందుకా?” అన్నారు. చదివినదాంట్లో ఇంతగా పనికొచ్చింది మరొకటి లేదన్నాను. నవ్వారు.

బండిలో రెండే మడత కుర్చీలు పట్టాయి. ఎదురుగా శాస్తా శిఖరం మీద మంచు ఎర్రబడుతోంది. ఒక కుర్చీలో మా ఆవిడ, రెండవదానిలో చేతిలో కాఫీ గ్లాసుతో నాన్నగారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూసి, నేను పెట్టె లాక్కుంటూ బయలుదేరాను.